బాకీతో తిరిగి వచ్చిన చక్రవర్తి - మాలీ రాజు మన్సా మూసా

హజ్‌కు వెళ్ళేవారికి మన పెద్దలు ముందుగా చెప్పేది ఒక్కటే. ఎవరికి ఏమి బాకీ ఉన్నా తీర్చి, తిరిగి వచ్చేదాకా ఇంటివాళ్ళకు సరిపడా ఖర్చు ఇచ్చి, మనసు నొప్పించిన వారిని మాఫీ అడిగి మరీ బయలుదేరాలని. కిరాణా కొట్టులో మిగిలిపోయిన చిల్లర బాకీ కూడా గుర్తు పెట్టుకుని తీర్చి వెళ్ళినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఇప్పుడు నేను చెప్పబోయే మనిషి ఏడు వందల సంవత్సరాల క్రితం హజ్‌కు వెళ్ళాడు. బయలుదేరిన నాడు అంతటి ధనవంతుడు లోకంలో మరొకడు ఉన్నాడో లేడో చెప్పలేము. తిరిగి వచ్చేనాటికి మాత్రం కైరో వర్తకుల దగ్గర అప్పు చేసి, ఆ బాకీతోనే ఇల్లు చేరాడు. ఆయన పేరు మూసా. పడమటి ఆఫ్రికాలోని మాలీ సామ్రాజ్యానికి చక్రవర్తి. మన్సా అంటే ఆ దేశపు భాషలో రాజు అని అర్థం.

ఈయన పేరు ఈమధ్య మన పిల్లలకు కూడా తెలిసింది. ప్రపంచ చరిత్రలోకెల్లా గొప్ప ధనవంతుడని, ఆస్తిని డాలర్లలో లెక్కకట్టి ఫోనుల్లో పంపుకుంటున్నారు. ఆ లెక్కలు ఎవరు వేశారో, ఎట్లా వేశారో నాకు తెలియదు గానీ, ఒక రాజ్యంలోని గనులను, దారులను, ప్రజలను కలిపి ఒక మనిషి జేబులో పెట్టి లెక్కించడం సబబు కాదు. ఆ బంగారం ఎక్కడిది, ఏమైంది, చివరికి మిగిలింది ఏమిటి అన్నది తెలుసుకుంటేనే మూసా కథకు అర్థం ఉంటుంది.

అసలు ఆ బంగారానికి మూలం ఉప్పు అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. సహారా ఎడారికి దక్షిణాన నైజర్, సెనెగల్ నదుల ఎగువ ప్రాంతాలలో, బంబుక్, బూరే అనే చోట్ల బంగారం దొరికేది. అక్కడి జనానికి ఉప్పు లేదు. ఎండ తీవ్రంగా ఉండే దేశంలో ఉప్పు లేకపోతే మనిషీ బ్రతకడు, పశువూ బ్రతకదు. ఎడారి మధ్యన తఘాజా అనే చోట ఉప్పు నేలలోనే పలకలు పలకలుగా ఉంది. అక్కడ చెట్టూ చేమా లేదు. ఇళ్ళు, మస్జిద్ కూడా ఉప్పు దిమ్మెలతో కట్టి, పైన ఒంటె తోళ్ళు కప్పేవారు. ఆ ఉప్పును ఒంటెల మీద రోజుల తరబడి దక్షిణానికి తెచ్చి, బంగారంతో మార్చుకునేవారు. ఒక ఒంటె మోసే ఉప్పు ఎడారి అంచున వలాతా పట్టణంలో 8 నుండి 10 మిస్కాల్‌ల బంగారం పలికితే, మాలీ రాజధానికి చేరేసరికి 20, 30, ఒక్కొక్కప్పుడు 40 మిస్కాల్‌లు పలికేది. మిస్కాల్ అంటే సుమారు నాలుగుంపావు గ్రాములు, మన తులంలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఈ మధ్యదారిని ఎవరు కాపాడితే వారిదే రాజ్యం.

ఆ దారిని మొదట కాపాడింది ఘానా రాజ్యం. ఇప్పటి ఘానా దేశం వేరు, అది దానికి చాలా దూరంగా సముద్రపు ఒడ్డున ఉంది. పాత ఘానాలో గాడిద మోసే ఉప్పు బరువు ఒకటి లోపలికి వస్తే ఒక దీనారు, అదే బయటికి పోతే రెండు దీనార్లు సుంకం తీసుకునేవారని 1068 ప్రాంతాన స్పెయిన్‌లో ఉండి వ్రాసిన అల్ బక్రీ లెక్క చెప్పాడు. రాజు ముస్లిం కాకపోయినా, ముస్లిం వర్తకుల పట్టణంలో పన్నెండు మస్జిద్‌లు ఉండేవట. కాలక్రమాన ఘానా బలహీనపడింది. సోసో అనే జాతి రాజు సుమాంగురు పెత్తనం సాగింది. అతన్ని ఓడించినవాడు సుందియాటా కీటా. సుమారు 1235లో కిరీనా అనే చోట జరిగిన యుద్ధంతో మాలీ సామ్రాజ్యం పుట్టింది. సుందియాటా చిన్నతనాన నడవలేక, తర్వాత లేచి నిలబడి వీరుడైన కథను అక్కడి గాయకులు ఈనాటికీ తరతరాలుగా పాడుతున్నారు. మన మూసా ఆ సుందియాటా సోదరుని వంశంవాడని ఇబ్న్ ఖల్దూన్ వ్రాశాడు.

మాలీ రాజులు చాలా తెలివైన పని ఒకటి చేశారు. బంగారపు గనుల మీదికి సైన్యంతో పోలేదు. ఆ గనులవాళ్ళు ముస్లింలు కారు. వాళ్ళ ఊళ్ళను పట్టుకుని పాలించబోతే బంగారం రావడం తగ్గిపోతున్నదని అనుభవం మీద తెలుసుకుని, వాళ్ళను వాళ్ళ మానానికి వదిలేసి, కప్పం మాత్రం పుచ్చుకున్నారు. వేరే మతం వాళ్ళని బలవంతపెట్టకుండా, పొట్ట కొట్టకుండా వ్యాపారం సాగించారన్నమాట. ఈ సంగతి అల్ ఉమరీ గ్రంథం వల్ల తెలుస్తున్నది.

మూసా 1312 ప్రాంతంలో గద్దెనెక్కాడు. ఎట్లా ఎక్కాడన్నది ఒక వింత. తనకు ముందున్న రాజు పడమటి సముద్రానికి అవతలి ఒడ్డు చూడాలని పట్టుపట్టి, రెండు వందల పడవలలో మనుషులను పంపించాడట. ఒక్క పడవ తిరిగి వచ్చి, నడి సముద్రంలో నది వంటి ప్రవాహం మిగతా వాటిని లాగుకుపోయిందని చెప్పింది. రాజు నమ్మలేదు. ఈసారి రెండు వేల పడవలు సిద్ధం చేసి, అందులో సగం నీళ్ళకు, ఆహారానికి కేటాయించి, మూసాను తన స్థానంలో ఉంచి తానే బయలుదేరాడు. మళ్ళీ రాలేదు. ఈ కథను కూడా మూసాయే కైరోలో ఒక అధికారికి చెప్పాడు. నిజానిజాలు ఆ సముద్రానికే తెలియాలి.

ఆయనను ఇంటి పేరుతో కాక తల్లి పేరుతో కాన్కూ మూసా అని పిలిచేవారు. పొరపాటున తన చేతుల మీదుగా తల్లి మరణించిందని, ఆ బాధతో ఆలిములను అడిగితే పశ్చాత్తాపంతో దైవగృహాన్ని దర్శించమన్నారని, హజ్ ప్రయాణానికి అదే కారణమని చాలా కాలం తర్వాత టింబక్టూ ప్రాంతంలో వ్రాసిన ఒక చరిత్రలో ఉంది. కైరోలో ఆయన్ని చూసినవారెవరూ ఈ మాట చెప్పలేదు. కానీ అంత రాజ్యం వదలి, ఏడాదికి పైగా ఎడారి ప్రయాణానికి ఒక మనిషి తెగించాడంటే గుండెలో ఏదో ఒక బరువు ఉండి ఉంటుందని నాకు తోస్తుంది.

రాజ్యాన్ని కొడుక్కు అప్పగించి బయలుదేరాడు. వెంట వెళ్ళిన జనం లెక్క ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాశారు. అరవై వేల మంది అని టింబక్టూ చరిత్ర. గుర్రం మీద వస్తున్న రాజుకు ముందు అయిదు వందల మంది బానిసలు, ఒక్కొక్కరి చేతిలో అయిదు వందల మిస్కాల్‌ల బంగారు కర్ర. అంటే ఒక్కొక్క కర్ర రెండు కిలోల పైమాటే. బంగారం నూరు ఒంటెల బరువని ఒకరు, ఎనభై అని మరొకరు. ఈ లెక్కలలో అతిశయోక్తి ఎంతైనా ఉండనీయండి, అటువంటి ఊరేగింపును కైరో అంతకుముందు చూడలేదన్నది నిజం. ఆ బంగారు కర్రలు మోసినవారి పేరు ఒక్కటి కూడా ఏ గ్రంథంలోనూ లేదు. బానిసను విడిపించడం గొప్ప పుణ్యమని చెప్పిన ధర్మాన్ని ఆచరించడానికి పోతున్న రాజు ముందర అంతమంది బానిసలు నడిచారన్న సంగతి కూడా మనం దాచకుండా చెప్పుకోవాలి.

దారిలో ఒక ముచ్చట. రాణి ఇనారీకి ఎడారి మధ్య నది స్నానం మీద మనసు పోయిందట. రాజు రాత్రికి రాత్రే మనుషుల చేత పెద్ద గొయ్యి తవ్వించి, దాన్ని గట్టి చేయించి, తిత్తులలో నీళ్ళు పోయించి, తెల్లవారేసరికి ఆమె పరిచారికలతో సహా స్నానమాడేందుకు కొలను సిద్ధం చేయించాడని అదే చరిత్ర చెబుతుంది. ఎడారిలో తాగే నీళ్ళతో ఆ పని చేశాడంటే నమ్మడం కష్టమే. కాని ప్రజల మనస్సులో ఆయన ఎటువంటివాడుగా మిగిలాడో దీనివల్ల తెలుస్తుంది. అడిగితే లేదనని మనిషి. ఆయన బలమూ అదే, బలహీనతా అదే.

హిజ్రీ 724, రజబ్ నెలలో, అంటే 1324 జూలైలో మూసా కైరో చేరాడు. అప్పుడు ఈజిప్టు సుల్తాను అల్ నాసిర్ ముహమ్మద్. సుల్తాను దర్శనానికి పోయినవారెవరైనా నేల ముద్దాడాలి. మూసా తాను వచ్చింది హజ్ కోసమేగాని రాచమర్యాదల కోసం కాదని చెప్పి వెళ్ళనన్నాడు. ఆయనను తీసుకురావడానికి నియమితుడైన అధికారికి అసలు సంగతి అర్థమైంది. ఇంకొకరి ముందు తల వంచడం ఈయనకు ఇష్టం లేదు. చాలాసార్లు నచ్చజెప్పి తీసుకుపోయాడు. సభలో నేల ముద్దాడమంటే మూసా కుదరదన్నాడు. పక్కనున్న ఒక తెలివైనవాడు చెవిలో ఏదో చెప్పాడు. అప్పుడు తనను పుట్టించిన అల్లాహ్‌కే సజ్దా చేస్తున్నానని చెప్పి నేలకు వంగాడు. సుల్తాను సగం లేచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరి గౌరవమూ నిలిచింది. సుల్తాను ఖిల్అతులు, గుర్రాలు, హజ్ దారికి ఒంటెలు, దినుసులు అన్నీ ఏర్పాటు చేయించాడు.

ఇక దానం సంగతి. కైరోలో ఉన్నన్నాళ్ళు మూసా చేతికి ఎముక లేదు. అమీరు అనక, ఉద్యోగి అనక, బీద అనక ఎదురైన ప్రతివారికీ బంగారం. కైరో వర్తకులు సామాన్యులా? మాలీ జనం మోసం తెలియని వాళ్ళని కనిపెట్టి, ఒక దీనారు చేసే బట్టను అయిదు దీనార్లకు అంటగట్టారు. తర్వాత సంగతి తెలిసి మాలీవాళ్ళు ఈజిప్టు వాళ్ళంటేనే నమ్మకం పోగొట్టుకున్నారట. ఇంత బంగారం ఒక్కసారిగా బజారులో పడేటప్పటికి ఏమైంది? అంతకుముందు ఒక మిస్కాల్ బంగారానికి 25 దిర్హములకు తక్కువ ఎన్నడూ లేదు. మూసా వచ్చి పోయాక 22కు దిగిపోయింది, ఇంకా తగ్గింది కూడా. పన్నెండేళ్ళ తర్వాత అల్ ఉమరీ ఈ సంగతి వ్రాసేనాటికి కూడా ధర కోలుకోలేదు. దానం పుచ్చుకున్నవాడి చేతిలోని బంగారమే విలువ తగ్గిపోయింది. పైసా పైసా కూడబెట్టి కూతురి పెళ్ళికి బంగారం దాచుకున్న కైరో ఇల్లాలు ఆ రోజుల్లో ఏమనుకుని ఉంటుందో చరిత్రకారులు వ్రాయలేదు.

మూసాలో మంచి గుణం ఒకటుంది, చెప్పకపోతే అన్యాయమవుతుంది. మాలీలో ఎవరి కూతురు అందంగా ఉంటే ఆ పిల్లను తెచ్చి రాజుకు సమర్పించే ఆచారం ఉండేదట, నికాహ్ లేకుండానే. కైరోలో ఒక పెద్దమనిషి అది షరీఅత్ ప్రకారం కూడదని చెప్పాడు. రాజులకు కూడా కూడదా అని మూసా అడిగాడు. రాజులకు కూడా కూడదని, కావాలంటే ఆలిములను అడగమని ఆయన జవాబిచ్చాడు. ఇంతకాలం తెలియక చేశానని, ఇక మానేస్తున్నానని అక్కడికక్కడే తేల్చేశాడు మూసా. అంత అధికారం ఉన్నవాడు తప్పు తెలిసిన వెంటనే దిద్దుకోవడం, అదీ పరాయి ఊళ్ళో పరాయి మనిషి చెబితే, చిన్న విషయం కాదు.

మక్కా మదీనాలలో కూడా విరివిగా ఖైరాత్ చేశాడు. తిరుగు ప్రయాణంలో కష్టాలు మొదలైనాయి. హాజీల పెద్ద బిడారు నుంచి వెనకబడి, చలికి మనుషులు, ఒంటెలు అనేకం చనిపోయారు. కైరో చేరేసరికి చేతిలో ఏమీ లేదు. ఇల్లు ఇంకా వేల మైళ్ళ దూరం. ఏ వర్తకులకు బంగారం విరజిమ్మాడో ఆ వర్తకుల దగ్గరే అప్పుకు పోవలసి వచ్చింది. వాళ్ళు మొహమాటపడలేదు. మూడు వందల దీనార్లు ఇచ్చినవారికి ఏడు వందల దీనార్ల లాభం వచ్చిందని అల్ ఉమరీ వ్రాశాడు. అప్పు ఇచ్చినవారిలో అలెగ్జాండ్రియా వర్తకుడు సిరాజుద్దీన్ ఇబ్న్ అల్ కువైక్ ఒకడు. ఆ కుటుంబం ఇచ్చిన అప్పు యాభై వేల దీనార్లని ఇబ్న్ ఖల్దూన్ అంటాడు. మన లెక్కలో రెండు వందల కిలోల పైన బంగారం.

ఆ బాకీ కథ మొత్తం కథలో నాకు బాగా పట్టిన భాగం. సిరాజుద్దీన్ వసూలుకు తన గుమాస్తాను మాలీకి పంపాడు. ఆ గుమాస్తా అక్కడే ఉండిపోయాడు. కొంతకాలం చూసి, సిరాజుద్దీన్ స్వయంగా కొడుకును వెంటబెట్టుకుని సహారా దాటి వచ్చాడు. టింబక్టూలో అబూ ఇస్హాక్ అల్ సాహిలీ అనే స్పెయిన్ దేశపు కవి ఇంట బస. రాత్రి భోజనం చేశాడు, ఆ రాత్రే చనిపోయాడు. బాకీదారు రాజు, చనిపోయింది అప్పు ఇచ్చినవాడు, భోజనం పెట్టింది రాజుగారి ఆప్తుడు. ఊరంతా గుసగుసలు, విషం పెట్టారని. అప్పుడు కొడుకు ముందుకు వచ్చి, తానూ అదే అన్నం తన తండ్రితో కలిసి తిన్నానని, విషమైతే ఇద్దరమూ పోయేవాళ్ళమని, తండ్రికి కాలం తీరిందని జనానికి చెప్పాడు. పరదేశంలో, తండ్రి శవం ముందు, ఒక నింద వేస్తే వేయవచ్చు, వేయకుండా నిజం చెప్పాడా కుర్రవాడు. అక్కడినుండి రాజధానికి పోయి, రావలసింది వసూలు చేసుకుని ఈజిప్టుకు తిరిగి వెళ్ళాడు. ఇది 1353లో టింబక్టూలో సిరాజుద్దీన్ సమాధి చూసిన ఇబ్న్ బతూతా చెప్పినది.

వేల మైళ్ళ అవతల ఉన్న రాజు మీద ఏ కోర్టులో దావా వేస్తారు? ఏ అమీనా జప్తు చేస్తాడు? ఇవ్వనంటే అడిగే దిక్కు లేదు. అయినా అప్పు ఇచ్చారు, అయినా తీర్చారు. ఆ సామ్రాజ్యం నిలబడింది ఇటువంటి మాట మీదనే. మాట నిలబడినంత కాలమే ఉత్తరం నుంచి ఉప్పు, గుడ్డలు, గ్రంథాలు వచ్చాయి, దక్షిణం నుంచి బంగారం పోయింది.

మూసా హజ్‌లో ఉండగానే ఆయన సేనాని నైజర్ ఒడ్డునున్న గావ్ పట్టణాన్ని లోబరచుకున్నాడని చెబుతారు. రాజు ఆ దారినే తిరిగి వస్తూ అక్కడి సోంఘాయ్ రాజకుమారులు ఇద్దరిని తన కొలువులో ఉంచుకోవడానికి వెంట తీసుకుపోయాడు. ఈ ఇద్దరినీ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తారు. మక్కాలో పరిచయమైన అల్ సాహిలీ కూడా మూసా వెంట వచ్చాడు. రాజధానిలో గుమ్మటం గల చక్కని కొలువుకూటం కట్టించినందుకు మూసా ఆయనకు 12,000 మిస్కాల్‌ల బంగారం, అంటే యాభై కిలోల పైచిలుకు, బహూకరించాడు. టింబక్టూలోని జింగరేబెర్ జామె మస్జిద్ కూడా 1327లో మూసా కట్టించినదే. దాని నిర్మాణంలో అల్ సాహిలీ పాత్ర ఎంత అన్నదానిపై ఇప్పటి పండితులు తర్జనభర్జన పడుతున్నారు. చేసిన చేతులు మాత్రం అక్కడి మేస్త్రీలవే, వాడిన మట్టి అక్కడిదే.

టింబక్టూ అప్పటిదాకా గుడారాలవాళ్ళు ఆగిపోయే మజిలీ వంటి ఊరు. దానికి చదువు పేరు తెచ్చినవారిలో మూసా ముఖ్యుడు. జామె మస్జిద్ ఇమాముగా ఉన్న కాతిబ్ మూసా అనే స్థానికుణ్ణి రాజాజ్ఞ మీద మొరాకోలోని ఫేజ్ నగరానికి ఉన్నత చదువుకు పంపారు. దీనికి జతగా ఒక సంగతి ఉంది, ఇది చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. మూసా తన వెంట హిజాజ్ నుంచి అబ్దుర్రహ్మాన్ అల్ తమీమీ అనే పండితుణ్ణి తెచ్చాడు. అరబ్బు దేశం నుంచి వచ్చిన ఆలిమ్ గదా, వచ్చి నేర్పుతాడని అందరూ అనుకున్నారు. ఆయన టింబక్టూ వచ్చి చూస్తే, ఫిఖహ్‌లో అక్కడి నల్లజాతి పండితులు తనను మించి ఉన్నారు. ఏ మాత్రం నామోషీ పడకుండా ఫేజ్ వెళ్ళి, మళ్ళీ విద్యార్థిగా కూర్చుని చదువుకుని, తర్వాత టింబక్టూకు తిరిగి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన మనుమడు హబీబ్ ఆ ఊరికి ఖాజీ అయినాడు. చదువు ఎవరి సొత్తూ కాదని ఉపన్యాసాలు చెప్పడం వేరు, గడ్డం నెరిసినాక మళ్ళీ పుస్తకం పట్టడం వేరు.

మూసా 1337 ప్రాంతాన మరణించాడు. ఇరవై అయిదేళ్ళు పాలించాడు. 1375లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో ఒక యూదు చిత్రకారుడు గీసిన ప్రపంచపటంలో సహారాకు దిగువన ఆయన బొమ్మ ఉంది. తల మీద కిరీటం, చేతిలో బంగారు ముద్ద. చనిపోయి నలభై ఏళ్ళయినా యూరపువాళ్ళు ఆయనను మరచిపోలేదు. గుర్తున్నది మాత్రం ఆ ముద్దే.

కొడుకు మఘా నాలుగేళ్ళు పాలించి పోయాక మూసా తమ్ముడు సులైమాన్ రాజైనాడు. అన్న ఎంత దాతో తమ్ముడు అంత పొదుపరి. ప్రజలు పిసినారి అని తిట్టుకునేవారు. మన ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీగా పనిచేసి వెళ్ళిన ఇబ్న్ బతూతాయే 1352లో ఈయన రాజ్యానికి వచ్చాడు. తుగ్లక్ కానుకలు రుచి చూసినవాడు గదా, రాజుగారు బహుమతి పంపారంటే లేచి నిలబడ్డాడు. చూస్తే మూడు రొట్టెలు, ఒక మాంసపు ముక్క, ఒక బుర్రలో పెరుగు. నవ్వాపుకోలేకపోయానని తానే వ్రాసుకున్నాడు. అటువంటి మనిషే మాలీ ప్రజల న్యాయబుద్ధిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. బాటసారికి దొంగ భయం లేదు. పరదేశీ వర్తకుడు అక్కడ చనిపోతే, ఎంత ఆస్తి ఉన్నా రాజుగాని, ప్రజలు గాని తాకరు. వారసుడు వచ్చేదాకా నమ్మకమైన మనిషి దగ్గర ఉంచుతారు. పిల్లలు ఖుర్ఆన్ కంఠస్థం చేయకపోతే కాళ్ళకు సంకెళ్ళు వేస్తారట. పండుగనాడు ఖాజీగారి ఇంటికి పోతే ఆయన పిల్లలకే సంకెళ్ళు. విప్పవచ్చు గదా అంటే, పాఠం వచ్చేదాకా విప్పనన్నాడు ఖాజీ. ఈ ఒక్క పద్ధతి మాత్రం మన మదరసాలకు నేను సిఫారసు చేయను.

1360లో సులైమాన్ పోయాడు. గద్దె కోసం దాయాదుల మధ్య యుద్ధం. చివరికి మారీ జాతా అనేవాడు రాజై, ఖజానా అంతా విలాసాలకు తగలేశాడు. మాలీ రాజుల దగ్గర తరాలుగా ఇరవై ఖింతార్‌ల బరువైన ఒక బంగారు బండ ఉండేది. గనిలో దొరికింది దొరికినట్టే, కరిగించకుండా, చెక్కకుండా వంశగౌరవంగా దాచి ఉంచారు. దాన్ని ఈజిప్టు వర్తకులకు చౌకగా అమ్ముకున్నాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ తర్వాత నిద్రజబ్బు పట్టి, 1374 ప్రాంతాన మరణించాడు. 1433లో టింబక్టూ తువారెగ్‌ల పరమైంది. ఇంతకుముందు చెప్పిన సోంఘాయ్ రాజకుమారులు ఇద్దరూ మాలీ కొలువు నుండి పారిపోయి గావ్‌లో వేరే రాజవంశం స్థాపించారని చెబుతారు. ఆ వంశంలోని సున్నీ అలీ 1468లో టింబక్టూను పట్టుకున్నాడు. అప్పటికే పోర్చుగీసువాళ్ళ ఓడలు పడమటి తీరానికి వచ్చి, బంగారాన్ని సముద్రం వైపు లాగడం మొదలుపెట్టాయి. 1482లో తీరంలో కోట కూడా కట్టారు.

సోంఘాయ్ రాజు అస్కియా ముహమ్మద్ 1496లో హజ్‌కు వెళ్ళాడు. మూడు లక్షల మిస్కాల్‌లు వెంట తీసుకుపోయి, హరమైన్‌లో ఒక లక్ష దానం చేయడమే కాక, తన దేశపు హాజీల వసతికి మదీనాలో ఒక తోట కొని వఖ్ఫ్ చేసి వచ్చాడు. మూసా యాత్ర కైరో బజారుకు తెలిసింది, అస్కియా యాత్ర తర్వాత వచ్చే బీద హాజీకి ఉపయోగపడింది. మన హైదరాబాదు రాజ్యం హాజీల కోసం మక్కా మదీనాలలో ఏర్పడిన రుబాత్‌ల సంగతి తెలిసినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

ఆ సోంఘాయ్ కూడా నిలవలేదు. 1591లో మొరాకో సుల్తాను పంపిన సుమారు 4,000 మంది సైన్యం తుపాకులతో సహారా దాటి వచ్చి, తోండిబీ దగ్గర పెద్ద సైన్యాన్ని ఓడించింది. ముస్లిం రాజు మీదికి ముస్లిం రాజే, బంగారం కోసం. దొరికిన బంగారం ఆశించినంత లేదు. టింబక్టూ పండితులను సంకెళ్ళతో మరాకేష్‌కు నడిపించారు. వారిలో అహ్మద్ బాబా అనే మహా పండితుడు ఉన్నాడు. ఆయన పోగొట్టుకున్న పుస్తకాలు 1,600. తన బంధువులలో అందరికంటే తక్కువ పుస్తకాలు ఉన్నది తనకేనని ఆయన బాధపడ్డాడు. 1608లో తిరిగి సొంత ఊరికి వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పాడు.

2012లో సాయుధ ముఠాలు టింబక్టూను ఆక్రమించినప్పుడు, ఇళ్ళల్లో, గ్రంథాలయాల్లో తరతరాలుగా ఉన్న వేలకొద్దీ వ్రాతప్రతులను ఊరివాళ్ళు రేకు పెట్టెలలో పెట్టి, రాత్రుళ్ళు దారులు మార్చి, కొన్ని రోడ్డు మీదుగా, కొన్ని నైజర్ నదిలో పడవల మీద రాజధాని బమాకోకు చేర్చారు. మూసా బంగారం ఒక్క మిస్కాల్ కూడా ఇవ్వాళ ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. జింగరేబెర్ మస్జిద్ మాత్రం ఉన్నది. అది మట్టి మస్జిద్, వానకు పూత కరుగుతుంది, పగుళ్ళు వస్తాయి. మళ్ళీ పూత వేయవలసిన రోజు వస్తే ఊరి మేస్త్రీ కుటుంబాలు పైకెక్కుతాయి, కుర్రవాళ్ళు గంపలతో మట్టి అందిస్తారు, ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు.